మడ అడవిలో నా సవతి

సవతిని చూడ్డానికి పడవ కట్టించుకుని వెళ్ళిన ఆడది ఈ భూమ్మీద ఇంకెవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. నేను మాత్రం వెళ్ళాను. మా సవతికి నాలుగు కాళ్ళు, పొట్టి తోక, ఒంటినిండా నల్లచుక్కలు. గోదావరి సముద్రంలో కలిసే చోట, మనిషి నిలబడడానికి గట్టినేల దొరకని మడ అడవిలో దాని కాపురం. జాతికి బావురు పిల్లి. నీళ్ళలోకి దూకి చేపల్ని పట్టి తింటుంది. మా ఆయన్ని కూడా అలాగే పట్టుకుంది.

నవ్వేవాళ్ళు నవ్వండి. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన పేరు మార్కండేయులు. జంతుశాస్త్రంలో డాక్టరు. నా పేరు హైమవతి. కాకినాడలో చెవుడు వచ్చినవాళ్ళకి వినికిడి యంత్రాలు అమర్చే క్లినిక్ నడుపుతాను. ఊళ్ళో వాళ్ళందరికీ వినిపించేట్టు చేస్తాను గాని, మా ఇంట్లో మనిషికి నా మాట వినిపించేట్టు చెయ్యడం నా వల్ల కాలేదు.

ఆయనా, షాహీన్ అనే ఇంజినీరమ్మాయీ కలిసి ఒక పరికరం తయారుచేశారు. దానికి "తోడు" అని పేరు పెట్టారు. బియ్యపు గింజంత ముక్క ఒకటి పిల్లి చెవి వెనక చర్మం కింద ఉంటుంది. దానికి జతగా రూపాయి బిళ్ళంత ముక్క మనిషి చెవి వెనక, ఎముక మీద అతుక్కుని ఉంటుంది. అడవి అంచున పాతిన స్తంభం ఒకటి ఇద్దరినీ కలుపుతుంది. ఇక పిల్లికి ఆకలేస్తే మనిషికి ఆకలేస్తుంది. అది అక్కడ బురదలో కాలు పెడితే ఇక్కడ ఈయన అరికాలు చల్లబడుతుంది. మడ అడవిలో ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళకి కూడా బావురు పిల్లి పాదాల గుర్తులు తప్ప పిల్లి కనబడదు. అందుకని దాని ఒంట్లోంచే అడవిని చూడాలని వీళ్ళ ఆలోచన. ఏ కాలువలో రొయ్యల చెరువుల మందునీళ్ళు కలిశాయో, ఎక్కడ చేప తగ్గిందో దాని ముక్కుకి ఇట్టే తెలిసిపోతుంది. మంచి పనే, కాదనను.

కాని ఆ మంచి పని మా ఇంటికి కూడా వచ్చేసింది. ఒక ఆదివారం సాయంత్రం నేను మా చెల్లెలి ఇంటి గొడవేదో చెబుతున్నాను. ఆయన వింటున్నట్టే తలూపుతూ, ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ముక్కుపుటాలు అదిరాయి.

"ఏమైందండీ?"

"పాటు మొదలైంది. కాలువల్లో నీళ్ళు తీస్తున్నాయి. ఇప్పుడు బయల్దేరుతుంది."

"ఎవరు?"

ఆయన కాస్త సిగ్గుపడ్డారు. "అదే... చుక్కలమ్మ."

పేరు కూడా పెట్టేశారన్నమాట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నన్ను హైమ అని తప్ప ఇంకో ముద్దుపేరుతో పిలిచిన పాపాన పోలేదు. నేను ఎంత కష్టపడి వండినా "బాగుంది" అనే ఒక్క మాటతో సరిపెట్టే మనిషి, ఆ పిల్లి తిన్న ఒక్కో చేప గురించీ పేజీలు పేజీలు రాస్తున్నారు. దానికి ఆకలేస్తే ఈయనకి మెలకువ వస్తుంది. నాకు జ్వరమొస్తే మాత్రం థర్మామీటరు ఎక్కడుందని నన్నే అడిగారు.

వేసవి మొదట్లో అది ఈనింది. ఆ పొద్దున ఆయన హాల్లో పేపరు చదువుతూ చదువుతూ, కడుపు పట్టుకుని నేల మీద పడిపోయారు. ఒళ్ళంతా చెమటలు.  అంబులెన్సుకి ఫోను చేస్తున్నాను. ఇంతలో ఆయన ఏడుస్తూ, నవ్వుతూ, "ఇద్దరు హైమా! ఇద్దరు!" అన్నారు.

మాకు పిల్లల్లేరు. ఒకసారి కడుపు నిలిచి అయిదో నెలలో పోయింది. ఆ రోజు నేను ఆస్పత్రి గదిలో ఉంటే ఈయన వరండాలో నిలబడి టీ తాగారు. ఏం మాట్లాడాలో తెలియక అలా నిలబడిపోయారని నాకు నేనే చెప్పుకుని సర్దుకున్నాను. ఇప్పుడు ఒక పిల్లి నొప్పులు పడుతుంటే నేల మీద దొర్లిన మనిషిని చూశాక ఆ సర్దుబాటు ఇంకా ఎక్కడ నిలుస్తుంది? ఆ పిల్లి మీద నాకు పుట్టింది కోపం కాదు. పచ్చి కుళ్ళు. నాకు దక్కనిదంతా దానికి దక్కిందని కుళ్ళు.

మర్నాడే ఆయన అడవిలోని మకాముకి వెళ్ళిపోయారు. వారాలు గడిచినా ఇంటిముఖం చూడలేదు. నేను ఫోనులో మాట్లాడడం మానేశాను గాని అన్నం పంపడం మానలేదు. మా వైపు ఆడవాళ్ళం ఎంత అలిగినా క్యారేజీ మాత్రం వెళ్ళాల్సిందే. పొద్దున్నే వండి, క్యారేజీని నా పాత చీర ముక్కలో మూటకట్టి బస్సు కండక్టరు చేతికిస్తాను. ఏటిగట్టున దాన్ని నూకరాజనే పడవాయన దింపుకుని అడవిలోకి తీసుకెళతాడు. కట్టేటప్పుడు రోజూ అనుకునేదాన్ని, ఈ పులుసు కూడా దానికే పెడుతున్నారేమోనని.

ఇలా ఉండగా షాహీన్ ఒకరోజు మా క్లినిక్‌కి వచ్చింది. కుర్చీలో కూర్చుని చున్నీ కొస నలుపుతూ, "సార్ తోడు తియ్యనంటున్నారు మేడమ్" అంది.

"రోజూ తీసేవారు కదా?"

"కాసేపు పెట్టుకుని తీసెయ్యాలి. పిల్లలు పుట్టిన దగ్గర్నుంచీ అసలు తియ్యడమే మానేశారు. ఇప్పుడు ఆయన ఒంటికి తనేదో పిల్లేదో తేడా తెలియడం లేదు. పిల్లికి దెబ్బ తగిలితే సార్‌కి కమిలిపోతోంది. నేను కళ్ళారా చూశాను."

"దానికి ఏమైనా అయితే?"

షాహీన్ తల దించుకుంది. "ఆయన గుండె కూడా ఆగిపోవచ్చు. అదే నా భయం. పైగా అది ఈమధ్య పట్టపగలు రొయ్యల చెరువుల గట్ల మీదకి వస్తోంది. మేత వేసే ఆడవాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళిపోతోంది. చెరువులవాళ్ళు రాళ్ళు వేశారు. ఈసారొస్తే కర్రలతో కొట్టి చంపేస్తామంటున్నారు. రాత్రిపూట తిరిగే జంతువు పగలెందుకు వస్తోందో మాకు అంతుపట్టడం లేదు. మీరొచ్చి చెబితే సార్ వింటారేమో."

"నా మాటా? ఆయనా?" అన్నాను.  దానితో కాపురమైతే ఏదోలా భరిస్తాను. దానితో చావు కూడా పంచుకుంటారా?

మర్నాడు బస్సులో క్యారేజీ పంపలేదు. నేనే చేత్తో పట్టుకుని షాహీన్‌తో కలిసి వెళ్ళాను.

నూకరాజు పడవ ఏటి నుంచి సన్నని కాలువలోకి తిరగగానే అటూ ఇటూ మడ చెట్లు దగ్గరకొచ్చాయి. బురదలోంచి వేల వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. చెట్లు వాటితోనే గాలి పీలుస్తాయని షాహీన్ చెప్పింది. బురద మీద చిన్న చేపలు రెక్కలతో పాకుతూ, ఒకదాన్ని చూసి ఒకటి ఎగిరి గంతులేస్తున్నాయి. ఎర్ర పీతలు మమ్మల్ని చూసి గబగబా కన్నాల్లో దూరాయి. ఒక మలుపులో నీటికుక్కల కుటుంబం ఒకటి తలలు బయటపెట్టి మా వంక చూసి, కీచుకీచుమని మాట్లాడుకుని మునిగిపోయింది. లకుముకి పిట్ట ఒకటి నీలంగా మా పడవ ముందునుంచి దూసుకుపోయింది.

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అందానికి కాదు. ఇంత చోటు ఉందని, ఇలా ఉంటుందని ఈయన నాకు ఒక్కసారైనా చెప్పారా? ఒక్క ఆదివారమైనా రా హైమా చూపిస్తాను అన్నారా? నన్ను కాకినాడలో కూర్చోబెట్టి ఈ అడవినంతా ఆ పిల్లితో కలిసి అనుభవించారు.

"అయ్యగారు మనిషి మనిషిలా లేరండి అమ్మగారూ" అన్నాడు నూకరాజు గెడ వేస్తూ. "మొన్న నా వల్లో పండుగప్ప పడితే పచ్చిదే నోటికాడికి తీసుకెళ్ళిపోయేరండి. నేను గట్టిగా అరిసేను. అప్పుడు సిగ్గుపడి కిందెట్టేసేరండి."

"తిట్టకపోయావా?"

"తిట్టేనండి. మీ పేరు సెప్పి తిట్టేనండి. అమ్మగారికి సెప్తానంటే బయపడ్డారండి." అతను నన్ను ఓదార్చడానికే అన్నాడేమో గాని నాకు కొంచెం సంతోషం వేసింది.

మకాము అంటే స్తంభాల మీద కట్టిన చెక్కల మంచె, దాని మీద ఒక గది. ఆయన మెట్ల దగ్గరే నిలబడి ఉన్నారు. గడ్డం పెరిగింది, చిక్కిపోయారు. ముంజేతి మీద కమిలిన పెద్ద మచ్చ ఉంది. చెరువు గట్టు మీద రాయి తగిలింది పిల్లికే, ఈయన అక్కడికి వెళ్ళనే లేదు.

"వచ్చావా" అన్నారు.

"వచ్చాను. ఆవిడెక్కడ?"

"ఎవరు?"

"మీ రెండో ఆవిడ."

ఆయనకి నా ఎత్తిపొడుపు అర్థం కానేలేదు. వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి, "ఆ కాలువ అవతల పొదలో ఉంది. పిల్లలకి పాలిస్తోంది. ఎడమకాలు తిమ్మిరెక్కింది పాపం" అన్నారు. ఆ పాపం అన్న మాటలో ఎంత ప్రేమ ఉందో! నేను పళ్ళు నూరుకుంటూ మెట్లెక్కాను.

తోడు తీసెయ్యమని మెల్లగా చెప్పాను, కోప్పడి చెప్పాను, ఏడ్చి చెప్పాను. అన్నిటికీ ఆయన ఒకటే జవాబు: "పిల్లలు చిన్నవి హైమా. ఇప్పుడు ఎలా వదిలేస్తాను?" తండ్రి అనాల్సిన మాట. నేను క్యారేజీ ముందు కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నమైంది. ఎంత ఒళ్ళు మండుతున్నా మనిషికి అన్నం పెట్టాలి కదా. చీర ముక్క ముడి విప్పాను.

ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇదిగో... లేచింది!" అన్నారు కళ్ళు మూసుకుని. "చూశావా షాహీన్? రోజూ ఇదే వేళకి. హాయిగా నిద్రపోతున్నది కాస్తా లేచి కూర్చుంటుంది. ఒళ్ళంతా సంతోషం. పగటి ఎండకీ పోటుకీ ఏదో సంబంధం ఉంది. దీని మీదే వ్యాసం రాస్తున్నాను."

నాకు ఏదో తట్టింది. "మీరు రోజూ అన్నం తినేది ఎప్పుడు?"

"ఇప్పుడే."

"అయ్యగారు ఎంటనే తినరండి" అన్నాడు నూకరాజు కింద పడవలోంచి. "ముందు ఆ సీర ముక్క మొకానికి పెట్టుకుని శానాసేపు కూకుంటారండి. నేను రోజూ సూత్తంటాను కదండి. ఆకలెయ్యట్లేదా అనుకునేవోణ్ణి."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అది... మూట విప్పేటప్పుడు... నీ కొబ్బరినూనె వాసన..." అని నీళ్ళు నమిలారు.

అంతలోనే కాలువ అవతల పొద కదిలింది. పట్టపగటి ఎండలో బావురు పిల్లి బయటికొచ్చింది. నీళ్ళలోకి దిగి ఈదుకుంటూ ఇటు చేరి, ఒళ్ళు విదిలించుకుని, మంచె మెట్లు ఒక్కొక్కటే ఎక్కింది. షాహీన్ గోడకి అతుక్కుపోయింది. కింద నూకరాజు "అమ్మ బాబోయ్! పుట్టి బుద్దెరిగి సూళ్ళేదండి" అన్నాడు.

అది మా ఆయన వంక చూడనే లేదు. పులుసు గిన్నె పక్కనుంచే నడిచి నా దగ్గరికి వచ్చింది. నా చీర కుచ్చిళ్ళలో ముక్కు పెట్టి గట్టిగా ఊపిరి పీల్చి, తల నా పాదానికేసి రుద్దింది. తడి తల. దాని గొంతులో గురగుర నా కాలి ఎముక దాకా తెలిసింది.

"మీ తోడు ఒకవైపే పనిచేస్తుందని ఎవరు చెప్పారు?" అన్నాను. 

"పిల్లి వైపు వినే ఏర్పాటే పెట్టలేదు మేడమ్" అంది షాహీన్.

"పెట్టక్కర్లేదు. వినికిడి యంత్రంలో బుల్లి స్పీకరు ఉంటుంది చూడు, దాని ముందు మాట్లాడితే అదే మైకులా పనిచేస్తుంది. చెప్పేది ఏదైనా వింటుంది, వినేది ఏదైనా చెబుతుంది. ఈయన రోజూ బిళ్ళ తగిలించుకునే అన్నానికి కూర్చున్నారు. ఈయన మనసులో ఉన్నదంతా రోజూ మధ్యాహ్నం దీనికి చేరింది."

 ఇంత చదివినవాళ్ళిద్దరూ పప్పులో కాలేశారు. బిళ్ళ తీసి పక్కన పెట్టి అన్నం తినాలన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

ఆడదాన్ని కదా, ఈయన మనసులో నేనే ఉన్నానని తెలిసి పొంగిపోయానని మీరనుకుంటారు. లేదు. నా కడుపు ఇంకా మండిపోయింది. నాకు "బాగుంది" అన్న ఒక్క ముక్క పడేసి, నాకు రావలసిన ప్రేమంతా రోజూ మధ్యాహ్నం ఈ పిల్లికి పోశారు. నా మొహాన ఒక్కనాడూ చూపించనిది ఇది కడుపునిండా తాగి, ఇప్పుడు నా కాళ్ళ దగ్గరే నిలబడి గురగురలాడుతోంది. దాన్ని ఒక్క తాపు తన్నాలనిపించింది. చెయ్యి మాత్రం దాని చెవుల మధ్యకి వెళ్ళింది.

నూకరాజే ముందు తేరుకున్నాడు. "అందుకేనండి ఇది సెరువుల కాడికి ఎల్తంది. ఆడోళ్ళ ఒంటిమీద కొబ్బరినూనె వాసన కదండి. అమ్మగారనుకుని ఎల్తందండి. ఇవాళ సెరువులోళ్ళు సాలామంది పోగయ్యేరండి. పొద్దున నేను మీకోసం వచ్చేటప్పుడు సెరువుగట్టు మీద కర్రలతో కూకున్నారు."

ఆ మాటతో మా ఆయన ముఖం పాలిపోయింది. "నేనే... నేనే దీన్ని చంపుతున్నానన్నమాట" అన్నారు.

"అయితే తీసెయ్యండి. ఇప్పుడే తీసెయ్యండి."

"తీసేస్తే మాత్రం? మనిషంటే ప్రేమ అని దానికి నేర్పేశాను. నేను తీసి ఇంటికొచ్చేస్తాను, ఇది రేపు వాళ్ళ కర్రల కిందకి తలూపుకుంటూ వెళుతుంది. అలా వదిలేసి రాను హైమా. చస్తే దానితోనే చస్తాను." నెమ్మదిగానే అన్నారు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు. అందుకే నాకు తెలిసిపోయింది, అన్నంత పనీ చేస్తారని.

నేను షాహీన్ని గది వెనక్కి తీసుకెళ్ళాను. "ప్రేమ నేర్పితే పిల్లి మనుషుల దగ్గరికి వెళ్ళింది. అసహ్యం నేర్పితే?"

"అసహ్యం కూడా దానికి చేరుతుంది. తోడు దేన్నైనా పదింతలు చేసి పంపుతుంది. సార్ మిమ్మల్ని చూస్తూ నిజంగా అసహ్యించుకోవాలి, భయపడాలి. అప్పుడే నేను ఆపేస్తే పిల్లికి చివరగా మిగిలేది అదే. మళ్ళీ మనిషి వాసన తగిలితే పారిపోతుంది." తను ఆగి, నా మొహంలోకి చూసింది. "కాని పంపినవాళ్ళలో కూడా అది మిగిలిపోతుంది మేడమ్. సార్ ఒంట్లో కూడా. ఎన్నాళ్ళో నేను చెప్పలేను."

ముందు తేలిక దారే ప్రయత్నించాను. ఆయన ఎదురుగా కూర్చుని, "నన్ను కోప్పడండి" అన్నాను.

"దేనికి?"

"ఏదో ఒకదానికి! పులుసులో ఉప్పు ఎక్కువైందనండి."

ఆయన ఒక ముద్ద తిని, బాగా ఆలోచించి, "ఉప్పు... కొంచెం..." అన్నారు. పిల్లి హాయిగా నా పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. ఇంకో సందర్భంలో అయితే పగలబడి నవ్వేదాన్ని.

దూరంగా చెరువుల వైపు నుంచి డబ్బా మోత వినిపించింది. కర్రలవాళ్ళు పడవల్లో కాలువ వెంట ఇటే వస్తున్నారు. ఆయన చెయ్యి గుండె మీదకి వెళ్ళింది.

అబద్ధానికి బలం రావాలంటే అందులో నిజం కలపాలి. నా దగ్గర నిజం బోలెడుంది. ఇన్నేళ్ళు దాచుకున్నది.

"సరే, ఇది కుదిరేట్టు లేదు. మీరు దీనితోనే ఉండండి" అన్నాను లేస్తూ. "వెళ్ళే ముందు ఒక మాట చెప్పి పోతాను. ఆ రోజు ఆస్పత్రిలో మీరు వరండాలో టీ తాగుతున్నారు, గుర్తుందా?"

ఆయన తలెత్తారు.

"బిడ్డ దానంతటదే పోయిందనుకున్నారు కదా? లేదు. నేనే మందు మింగాను. మీకు బిడ్డని కని ఇవ్వడం నాకిష్టం లేదు. మీలాంటి రాయికి ఇంకో రాయిని కనడమెందుకు? మీరు బయట టీ తాగుతుంటే లోపల నాకు హాయిగా ఉంది."

ఆయన నా వంక చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోలేను. ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. కళ్ళలోంచి నేను మాయమైపోవడం నాకు కనిపించింది. పెదవులు వెనక్కి లాక్కున్నాయి, ఒళ్ళంతా వణికింది. నా పాదం మీద ఉన్న తల ఒక్కసారిగా లేచింది. పిల్లి చెవులు తలకి అతుక్కుపోయాయి. నా మొహంలోకి చూసి బుసకొట్టి, నా కాలి మీద పంజా విసిరి, మెట్లు కూడా దిగకుండా మంచె మీదనుంచే నీళ్ళలోకి దూకింది.

"ఇప్పుడే! ఆపెయ్ షాహీన్!" అని అరిచాను.

ఆమె ఆపేసింది. ఆయన పక్కకి ఒరిగిపోయారు. చెవి వెనక బిళ్ళ నేనే ఒలిచి తీశాను. కాలువ అవతల పిల్లి ఒక్కొక్క కూననీ నోట కరుచుకుని అడవి లోపలికి, మనిషి కాలు పెట్టలేని బురదలోకి వెళ్ళిపోయింది. కర్రలవాళ్ళు వచ్చి మంచె కింద పడవలు ఆపి చూశారు. వాళ్ళకి నీళ్ళూ చెట్లూ తప్ప ఏమీ కనబడలేదు.

పిల్లి మీద జాలితో చేశానని ఎవరైనా నన్ను మెచ్చుకుంటే నేను ఒప్పుకోను. నా మొగుణ్ణి నేను దాని దగ్గర్నుంచి లాక్కున్నాను. అంతే.

తిరుగు పడవలో ఆయనకి స్పృహ వచ్చాక చెప్పాను. "అబద్ధమండీ. అంతా అబద్ధం. ఆ బిడ్డ కోసం నేను మీకంటే ఎక్కువ ఏడ్చాను."

"తెలుసు" అన్నారు. "ఇప్పుడు తెలుసు. అప్పుడు నమ్మాను. నమ్మకపోతే అది పారిపోయేది కాదు కదా." ఆయన పడవకి ఆ చివర కూర్చున్నారు. నేను ఈ చివర. దగ్గరికి జరగబోతే ఆయన చేతులు పడవ అంచుని గట్టిగా పట్టుకున్నాయి. నేను ఆగిపోయాను.

వానాకాలం వచ్చింది. ఆయన ఇంట్లోనే ఉంటున్నారు. మునుపటి కంటే ఎక్కువ మాట్లాడుతున్నారు కూడా. వరండాలో టీ తాగిన రోజు సంగతి తనే ఎత్తారు. గదిలోకి వస్తే నన్ను చూసి తను ఏడ్చేస్తారని, ఆయన్ని చూసి నేను ఇంకా బెదిరిపోతానని బయటే నిలబడ్డారట. టీ మాత్రం ఎవరో చేతిలో పెడితే తాగారట. ఇదంతా నాకు హాల్లో ఆ చివర కుర్చీలో కూర్చుని చెప్పారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను. అంతకంటే దగ్గరగా వస్తే ఆయన పై పెదవి మీద చెమట పడుతుంది.

నిన్న మధ్యాహ్నం నూకరాజు ఫోను చేశాడు. బురద మీద కూనల అడుగులు కనబడ్డాయట, బాగా పెద్దవయ్యాయట. తల్లి మాత్రం ఎవరి కంటా పడడం లేదట. ఆయన ఫోను పెట్టేసి చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చారు. నేను ఉండబట్టలేక గబుక్కున దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. ఆయన ఒళ్ళు ఎగిరిపడి, కుర్చీతో సహా వెనక్కి పోయి గోడకి తగిలారు.

"నువ్వు కాదు హైమా" అన్నారు రొప్పుతూ. "నా ఒళ్ళు. నా ఒళ్ళు వినడం లేదు."

"తెలుసండీ."

ఆ పిల్లి అక్కడ నా వాటా ప్రేమ తిని, నన్ను మరిచిపోయి, పిల్లలతో హాయిగా ఉంది. దానికున్న అదృష్టం చూస్తే ఇప్పటికీ నాకు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టే ఉంటుంది. అది బెదిరితే అడవిలోకి పారిపోవచ్చు. ఈయనకి ఈ రెండు గదులే.

నేను రెండడుగులు వెనక్కి వేసి నేల మీద కూర్చున్నాను. ఆయన కళ్ళలోకి సూటిగా చూడకుండా, కదలకుండా, అరచెయ్యి తెరిచి గచ్చు మీద పెట్టాను. ఆయన గోడకి ఆనుకునే చాలాసేపు నా చేతిని చూశారు. తర్వాత, ఇంకా వణుకుతూనే, కుర్చీ దిగి నేల మీద కూర్చున్నారు.